దరఖాస్తులో ఫోటో పెట్టాలా? జర్మనీలో ఒక సిరియా మహిళ కేసు

2023 అక్టోబర్‌లో ఆమె మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో లావుపాటి ఫైలు ఉంది. అందులో 27 దరఖాస్తుల కాపీలు, తేదీల వారీగా సర్ది ఉన్నాయి. ప్రతి బయోడేటాలోనూ కుడివైపు పైన అదే ఫోటో. తెల్లగోడ ముందు ముదురు నీలం హిజాబ్, కొంచెం బిగపట్టిన నవ్వు. ఆ ఫోటో కోసం స్టూడియోకి వెళ్ళి 25 యూరోలు ఇచ్చిందట. కూర్చోకముందే అడిగింది: "నేను ఏం తప్పు చేస్తున్నానో చెప్పండి."

27లో 21 చోట్ల నుంచి జవాబే లేదు. అయిదు చోట్ల నుంచి అచ్చు గుద్దినట్టు ఒకే ఉత్తరం: మీకు మంచి భవిష్యత్తు కలగాలని కోరుకుంటున్నాం. ఒక్కచోట నుంచి ఫోన్ వచ్చింది. అందులో అడిగింది ఒకే ప్రశ్న, పనిలో ఉన్నప్పుడు హిజాబ్ తీసేస్తారా అని.

నేను నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో వలస వచ్చినవాళ్ళకు ఉద్యోగ సలహాదారుగా పని చేస్తున్నాను. మాది కడప. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు రావడం, పెద్ద దర్గా ఉరుసుకు మా ఇంట్లోవాళ్ళు వెళ్ళడం చూస్తూ పెరిగినదాన్ని. తలమీద గుడ్డ నాకు కొత్త కాదు. అందుకే ఈ కేసు నాకు సులువుగా అర్థమవుతుందనుకున్నాను. అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. రీమ్ అన్నది నేను పెట్టిన పేరు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

రీమ్‌కు అప్పుడు 31 ఏళ్ళు. సిరియాలోని హోమ్స్ నగరంలో దంతవైద్య సాంకేతిక కోర్సు రెండేళ్ళు చదివి, యుద్ధంతో మధ్యలో ఆపేసింది. భర్త 2015లో జర్మనీ చేరాడు. ఆమె ఇద్దరు పిల్లలతో 2017లో, కుటుంబాన్ని రప్పించుకునే వీసా మీద వచ్చింది. ఇక్కడ శరణార్థులకు ఇంటిగ్రేషన్ కోర్సు ఉంటుంది. 600 గంటలు భాష, 100 గంటలు చట్టం, చరిత్ర, సమాజం. భర్త దాన్ని ఏడాదిలో ముగించి గోదాములో పనికి కుదిరాడు. ఆమెకు అయిదేళ్ళు పట్టింది, ఎందుకంటే చిన్నవాడికి డేకేర్‌లో సీటు దొరకలేదు. జర్మనీ ఉపాధి పరిశోధన సంస్థ ఐఏబీ లెక్కల్లో ఇదే కథ అంకెల్లో కనిపిస్తుంది. 2015లో వచ్చిన శరణార్థుల్లో 2024 నాటికి దాదాపు 64 శాతం మంది ఉద్యోగాల్లో ఉన్నారు. విడదీసి చూస్తే మగవాళ్ళు 76 శాతం, ఆడవాళ్ళు 35 శాతం. ఈ తేడా చూపించి "వాళ్ళ మగవాళ్ళు పంపరు" అనేవాళ్ళు నాకు రోజూ తగులుతారు. పంపనివాళ్ళు ఉన్నారు, లేరనను. కానీ నా ఫైళ్ళలో ఎక్కువసార్లు కనిపించే కారణాలు డేకేర్, భాష, ఆ తర్వాత ఈ ఫోటో.

ఆమె కోరింది డెంటల్ అసిస్టెంట్ అప్రెంటిస్‌షిప్. మూడేళ్ళ శిక్షణ. వారంలో కొన్ని రోజులు క్లినిక్‌లో పని, మిగతా రోజులు వృత్తి పాఠశాల, నెలనెలా స్టైపెండ్. ఈ పనికి మనుషులు దొరక్క క్లినిక్‌లు అల్లాడుతున్నాయి. ఆమె జర్మన్ బాగుంది. పళ్ళ గురించి ఆమెకున్న జ్ఞానం శిక్షణ మొదలుపెట్టే పదహారేళ్ళ పిల్లలకు ఉండదు. అయినా 27కు ఒక్క ఫోన్.

ఆస్ట్రియాలోని లింజ్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త డోరిస్ వైక్సెల్‌బౌమర్ 2016లో ప్రచురించిన పరిశోధన మా రంగంలో అందరికీ తెలుసు. ఒకే అమ్మాయి ఫోటోతో, ఒకే అర్హతలతో జర్మనీ కంపెనీలకు సుమారు 1500 దరఖాస్తులు పంపారు. సాండ్రా బావర్ అన్న జర్మన్ పేరు పెడితే 18.8 శాతం కంపెనీలు ఇంటర్వ్యూకు పిలిచాయి. మెర్యెమ్ ఓజ్‌టుర్క్ అన్న టర్కీ పేరు పెడితే 13.5 శాతం. అదే మెర్యెమ్ హిజాబ్‌తో ఉన్న ఫోటో పెడితే 4.2 శాతం. అంటే సాండ్రా ఒక దరఖాస్తు పంపేచోట హిజాబ్ ఉన్న మెర్యెమ్ నాలుగున్నర పంపాలి. రీమ్ అడిగిన "ఏం తప్పు చేస్తున్నాను" అన్న ప్రశ్నకు నా దగ్గరున్న నిజాయితీ జవాబు ఇదే. ఆ రోజు చెప్పలేకపోయాను. చెబితే కుంగిపోతుందనుకున్నాను.

నా పొరపాటు

జవాబు చెప్పకుండా చిట్కా చెప్పాను. ఫోటో తీసేయమన్నాను. చట్ట ప్రకారం ఫోటో తప్పనిసరి కాదు, ఫోటో లేకపోయినా కాగితాలు బాగుంటే పిలుస్తారు, ఎదురుగా చూశాక మీ మాటే మీకు సాక్ష్యం అని నచ్చజెప్పాను. ఆమెకు ఇష్టం లేదు. "దాచినట్టు ఉంటుంది కదా" అంది. నేను పట్టుబట్టాను. ఫోటో లేకుండా తొమ్మిది చోట్లకు పంపాం, మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. నా పద్ధతి ఫలించిందని నా ఫైల్లో రాసుకున్నాను కూడా.

డిసెంబర్‌లో మొదటి ఇంటర్వ్యూ. తలుపు తీసిన ఆవిడ రీమ్‌ని చూసి, పేషెంటు అనుకుని, అపాయింట్‌మెంట్ ఉందా అని అడిగింది. ఇంటర్వ్యూకి వచ్చానంటే చేతిలోని కాగితం చూసుకుంది, మళ్ళీ రీమ్ మొహం చూసింది, మళ్ళీ కాగితం. లోపల ఆ క్లినిక్ యజమాని పన్నెండు నిమిషాలు మర్యాదగా మాట్లాడాడు. చివర్లో అన్నాడట: "నాకు వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదు. మా పేషెంట్లు ఒప్పుకోరు."

మర్నాడు ఆమె నా గదిలో కూర్చుని కళ్ళెత్తకుండా చెప్పింది. "వాళ్ళు మోసపోయినట్టు మొహం పెట్టారు. నేను ఎవరినీ మోసం చేయలేదు. ఫోటో తీసేయమన్నది మీరు."

నిజమే. పిలుపుల సంఖ్య పెంచడం ఒక్కటే చూశాను. చిట్టచివర గుమ్మం దగ్గర ఆ చూపు ఎదుర్కోవాల్సింది ఆమె అన్నది ఆలోచించలేదు. కాగితం మీద తప్పించుకున్న తిరస్కారాన్ని మనిషి ఎదురుగా, ఆమె మొహం మీద పడేలా చేశాను. మిగతా రెండు ఇంటర్వ్యూలకు ఆమె వెళ్ళలేదు. ఇంక మా ఆఫీసులో ఎవరికీ నేను ఆ సలహా అడిగినా ఇవ్వను.

"పేషెంట్లు ఒప్పుకోరు" అన్న మాట చట్టం ముందు నిలవదు. 2017 మార్చి 14న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఫ్రాన్స్‌కు చెందిన బుగ్నావుయీ కేసులో ఇదే తేల్చింది. కస్టమరు హిజాబ్ వద్దన్నాడన్నది ఉద్యోగం నిరాకరించడానికి కారణం కాదు. అదే రోజు బెల్జియం కేసులో, మతచిహ్నాలేవీ వద్దన్న నిబంధన అందరికీ ఒకేలా ఉంటే కంపెనీ పెట్టుకోవచ్చని కూడా అంది. 2021లో జర్మనీ కేసుల్లో, అలాంటి నిబంధన పెట్టాలంటే నిజమైన అవసరం చూపించాలని బిగించింది. ఆ క్లినిక్‌లో అలాంటి నిబంధనే లేదు. జర్మనీ వివక్ష నిరోధక చట్టం 2006 నుంచి ఉంది. పరిహారం కావాలంటే రెండు నెలల్లోపు రాతపూర్వకంగా అడగాలి. నేను ఉత్తరం ముసాయిదా కూడా రాశాను. రీమ్ చదివి, మడిచి, నాకే తిరిగిచ్చింది. "నాకు కేసు వద్దు. పని కావాలి. ఈ ఊళ్ళో డెంటిస్టులందరికీ ఒకరికొకరు తెలుసు." రెండు నెలల గడువు నా క్యాలెండర్‌లో ఫిబ్రవరిలో దాటిపోయింది. గణాంకాల్లో వివక్ష ఫిర్యాదులు ఇన్నే వచ్చాయని ఎవరైనా చెప్పినప్పుడు నాకు ఆ మడిచిన కాగితం గుర్తొస్తుంది.

మోచేతుల సంగతి

ఈసారి తలకిందులుగా మొదలుపెట్టాను. జాబ్‌సెంటర్ (ప్రభుత్వ ఉపాధి కార్యాలయం) ఖర్చుతో ఏ యజమాని దగ్గరైనా ఆరు వారాల దాకా ట్రయల్‌గా పని చేయొచ్చు, యజమాని జీతం ఇవ్వక్కర్లేదు. దరఖాస్తు పంపకుండా నేనే ఒక డెంటల్ క్లినిక్‌కు వెళ్ళాను. యాభై అయిదేళ్ళ డాక్టరమ్మ, సొంత ప్రాక్టీసు, రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న ఒక అసిస్టెంట్ పోస్టు. మొదటి వాక్యంలోనే చెప్పాను, నేను పంపబోయే మనిషి హిజాబ్ వేసుకుంటుంది, మీకున్న సందేహాలన్నీ ఇప్పుడే అడగండి అని. ఆవిడ కాసేపు ఆలోచించి అన్నారు: "రెండు. ఒకటి హైజీన్. రెండు, మా ముసలివాళ్ళు."

సూటిగా వచ్చిన సందేహంతో పని చేయొచ్చు. ఆ రెండిటినీ కలపకుండా విడివిడిగా తీసుకున్నాం. నా దగ్గరకొచ్చే యజమానుల్లో చాలామంది రెండోదాన్ని చెప్పలేక మొదటిదాని వెనక దాక్కుంటారు. ఈవిడ దాక్కోలేదు.

హైజీన్ ప్రశ్న నిజమైనదే. స్కార్ఫ్ కొస వేలాడకూడదు, కోటు లోపలికి దోపుకోవాలి, రోజుకొకటి మార్చాలి, 60 డిగ్రీల్లో ఉతకగలిగే కాటన్‌ది కావాలి. ఇవి పది నిమిషాల్లో తేలిపోయాయి. తేలనిది చేతులు. చేతులు డిస్‌ఇన్‌ఫెక్ట్ చేసుకోవాలంటే మోచేతి దాకా బట్ట ఉండకూడదు. రీమ్ మణికట్టు దాకా కప్పుకుంటుంది. డాక్టరమ్మ దీని మీద సర్దుకోలేనన్నారు, నేనూ సర్దుకోమనలేదు. రీమ్ రెండు రోజులు గడువు అడిగింది. ఎవరెవరిని అడిగిందో నేను అడగలేదు. మూడో రోజు వచ్చి, సింక్ ముందు నిలబడి, స్లీవ్‌లు మోచేతుల దాకా మడిచి చూపించింది. "ట్రీట్‌మెంట్ గదిలో ఇలా. గది దాటగానే దించుకుంటాను." డాక్టరమ్మ అలమారలోంచి పొడుగు చేతుల కార్డిగన్ ఒకటి తీసి తలుపు పక్క కొక్కేనికి తగిలించారు. ఇప్పటికీ అది అక్కడే ఉంటుంది. ఇంటిగ్రేషన్ మీద నేను విన్న ఏ ఉపన్యాసంలోనూ ఆ కొక్కెమంత పనికొచ్చే మాట లేదు. ఒకరు స్లీవ్ మడిచారు, ఇంకొకరు కార్డిగన్ తగిలించారు.

ట్రయల్ 2024 ఫిబ్రవరిలో రెండు వారాలు. రెండో వారంలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన కుర్చీలో పడుకుని, రీమ్‌ని చూసి, "ఆవిడ వద్దు" అన్నాడు. డాక్టరమ్మ మాస్కు దించకుండానే చెప్పారట: "ఈరోజు నాకు సాయం చేసేది ఆవిడే. వేరే రోజుకు రాయించుకుంటారా?" పన్ను నొప్పి. ఆయన నోరు తెరిచాడు. రీమ్ అరగంట సక్షన్ గొట్టం పట్టుకుంది. ఆయన ఆమెకు వెళ్ళొస్తానని చెప్పలేదు, తర్వాత ఆ క్లినిక్‌కు మళ్ళీ రాలేదు.

వేర్వేరు వర్గాల మనుషులు కలిస్తే ద్వేషం తగ్గుతుందన్న మాటను చాలామంది అలవోకగా వాడేస్తారు. 1954లో దాన్ని సిద్ధాంతంగా చెప్పిన మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ నాలుగు షరతులు పెట్టాడు. హోదా సమానంగా ఉండాలి, లక్ష్యం ఒకటే కావాలి, కలిసి పని చేయాలి, పైవాళ్ళ అండ ఉండాలి. పెద్దాయన విషయంలో మొదటి మూడూ లేవు, ఆయన మారలేదు. కానీ నాలుగోది ఆ గదిలో ఉంది. దాన్ని రీమ్ చూసింది, మిగతా ముగ్గురు అసిస్టెంట్లూ చూశారు. ఒప్పందం మీద సంతకాలు మార్చిలో అయ్యాయి. శిక్షణ ఆగస్టు 1న మొదలు.

జోలింగెన్ తర్వాత సోమవారం

మూడు వారాలు గడిచాయి. 2024 ఆగస్టు 23, శుక్రవారం రాత్రి. మాకు దగ్గర్లోని జోలింగెన్‌లో నగరం 650వ వార్షికోత్సవం జరుగుతుండగా ఒక సిరియా యువకుడు కత్తితో జనం మీద పడ్డాడు. ముగ్గురు చనిపోయారు. ఐసిస్ అది తమ పనేనని చెప్పుకుంది. అదే జోలింగెన్‌లో 1993 మే 29న నలుగురు యువకులు ఒక టర్కీ కుటుంబం ఇంటికి నిప్పుపెట్టారు. ఆడవాళ్ళు, ఆడపిల్లలు కలిపి అయిదుగురు చనిపోయారు. ఇద్దరు కూతుళ్ళనీ ఇద్దరు మనవరాళ్ళనీ పోగొట్టుకున్న మెవ్లూదె గెంచ్ చనిపోయేదాకా సయోధ్య గురించే మాట్లాడింది. ఈ ప్రాంతంవాళ్ళకు ఆ ఊరి పేరు చెబితే ఇప్పుడు రెండూ గుర్తొస్తాయి, ఎవరికి ఏది ముందు గుర్తొస్తుందన్నది మనిషిని బట్టి ఉంటుంది.

ఆదివారం రాత్రి రీమ్ నాకు మెసేజ్ పెట్టింది, రేపు సెలవు పెట్టనా అని. నాకూ టెన్షన్‌గానే ఉంది. వెళ్ళమన్నాను. బస్సులో ఎవరూ పక్కన కూర్చోలేదట. క్లినిక్‌లో టీ గదిలోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. ముప్పై ఏళ్ళుగా అక్కడ పని చేస్తున్న సీనియర్ అసిస్టెంట్ లేచి వచ్చి, ఆమెను దగ్గరికి తీసుకుని అంది: "నువ్వేం బాధపడకు. నువ్వు వేరు. నువ్వు వాళ్ళలాంటి దానివి కాదు."

రీమ్ ఆ సాయంత్రం నా దగ్గర ఏడ్చింది. నేను మొదట అర్థం చేసుకోలేదు, మంచిమాటే కదా అన్నాను. ఆమె అంది: "వాళ్ళు అంటే ఎవరు? మా అమ్మా? మా తమ్ముడా?"

ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ సీనియర్ మనసు మంచిదే. రీమ్‌ని ఇష్టపడుతుంది. ఆ ఇష్టాన్ని నిలుపుకోవడానికి రీమ్‌ని గుంపులోంచి బయటికి తీసింది, గుంపు గురించి అనుకున్నది మాత్రం అలాగే ఉంచుకుంది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ జట్టులో ముస్లిం ఫుట్‌బాల్ ఆటగాడు మొహమ్మద్ సలా ఆడడం మొదలుపెట్టాక ఆ ప్రాంతంలో ద్వేష నేరాలు 16 శాతం తగ్గాయని ఒక పరిశోధన చూపించింది. నేనది నమ్ముతాను. కానీ సలా గోల్స్ కొడతాడు. డెంటల్ అసిస్టెంట్ ఒక రోజు ట్రే పడేస్తుంది, ఒక రోజు ఆలస్యంగా వస్తుంది. ఆ రోజు ఆమె "వేరు"గా ఉంటుందా?

నాకు ఆ మాట ఎందుకు మంచిమాటగా వినిపించిందో కూడా చెప్పాలి. పదేళ్ళ కింద మేం అద్దెకు ఇల్లు వెతుకుతున్నప్పుడు ఒక ఇంటాయన "మీరు ఇండియన్సా? అయితే ఫర్వాలేదు" అన్నాడు. సంతోషంగా తాళంచెవులు తీసుకున్నాం. ఆ ఇంటికి మాకన్నా ముందు ఎవరిని కాదన్నాడో అడగలేదు. ఇక్కడి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "మనం వేరు, వాళ్ళు వేరు" అన్న మాట ఇవాళ్టికీ కనిపిస్తుంది. జోలింగెన్ వారంలో మరీ ఎక్కువ కనిపించింది. బ్లూకార్డు (చదువుకున్న నిపుణులకిచ్చే ఉద్యోగ పర్మిట్) మీద వచ్చిన మనల్ని కూడా రోడ్డు మీద చూసేవాళ్ళు రంగుతోనే చూస్తారని తెలిసి కూడా అంటాం. నేనూ అన్నదాన్నే.

రెండో మనిషి

రీమ్ పని నచ్చి, డాక్టరమ్మ 2024 అక్టోబర్‌లో ఇంకెవరైనా ఉంటే పంపమన్నారు. "ఒక్కరు" కాస్తా "ఇద్దరు" అయితే ఆ "నువ్వు వేరు" సడలుతుందని ఆశపడ్డాను. ఒక అఫ్గాన్ యువకుణ్ణి పంపాను. నాలుగు వారాల ట్రయల్‌లో మూడుసార్లు ఆలస్యంగా వచ్చాడు, అయిదో వారంలో గోదాములో వెంటనే జీతం దొరికేసరికి అటు వెళ్ళిపోయాడు. ఇంటికి డబ్బు పంపాలి, మూడేళ్ళ స్టైపెండ్ అతనికి చాలదు. ఆ విషయం ముందే పట్టుకోవాల్సింది నేను. తొందరపడ్డాను.

సీనియర్ అసిస్టెంట్ అంది: "చూశావా, అందరూ నీలా ఉండరు." జర్మనీలో అప్రెంటిస్‌షిప్ ఒప్పందాల్లో దాదాపు 30 శాతం మధ్యలోనే రద్దవుతాయి. రీమ్‌కు ముందు అదే క్లినిక్‌లో ఇద్దరు జర్మన్ అమ్మాయిలు మానేశారు. వాళ్ళ పేర్లు ఆవిడకు గుర్తున్నాయి, ఒకరికి ప్రేమ వ్యవహారమని, ఇంకొకరికి వెన్నునొప్పని. కుర్రాడికి మాత్రం కారణం అతని దేశం. ఈసారి నేను ఊరుకోలేదు. డాక్టరమ్మ అనుమతితో టీ గదిలో కూర్చుని అతని నెల ఖర్చుల లెక్క, పేరు లేకుండా, కాగితం మీద వేసి చూపించాను. సీనియర్ కాసేపు చూసి, "నేనైనా వెళ్ళిపోయేదాన్ని" అంది. ఆమె అభిప్రాయం మారిందని అనను. ఒక కుర్రాడికి దేశం కాకుండా వేరే కారణం దొరికింది, అంతే.

డిసెంబర్ 8న సిరియాలో అసద్ ప్రభుత్వం కూలిపోయింది. మర్నాడే జర్మనీ సిరియన్ల శరణు దరఖాస్తుల మీద నిర్ణయాలు ఆపేసింది. టీవీలో రాజకీయ నాయకులు తిరుగు విమానాల గురించి మాట్లాడారు. ఆ వారం క్లినిక్‌లో నలుగురు పేషెంట్లు రీమ్‌ని సంతోషంగా అడిగారట, "అయితే ఎప్పుడు వెళ్తున్నారు?" అని. చెడు ఉద్దేశంతో కాదు. ఆమె పెద్దకూతురికి అరబిక్ చదవడం రాదు. ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చాయి, వలసలకు వ్యతిరేకంగా ప్రచారం నడిపిన ఏఎఫ్‌డీ పార్టీకి 20.8 శాతం ఓట్లు పడ్డాయి. మార్చిలో రంజాన్. "నీళ్ళు కూడా తాగవా?" అన్న ప్రశ్న ఇక్కడి ప్రతి ముస్లింకూ కంఠతా వచ్చు. రెండో వారం నుంచి సీనియర్ టీ గది తలుపు మూసుకుని తినడం మొదలుపెట్టింది. రీమ్ వెళ్ళి తలుపు తెరిచి, "మీరు ఎదురుగా తిన్నా నాకేం కాదు" అందట. ఇద్దరూ కూర్చున్నారు, ఒకరు శాండ్‌విచ్‌తో, ఒకరు ఖాళీ చేతులతో.

2025 శరదృతువులో క్లినిక్ వెబ్‌సైట్ మార్చారు. సిబ్బంది అందరి ఫోటో పెట్టాలి. రీమ్ ఫోన్ చేసి అడిగింది, ఫోటోలో నిలబడనా అని. రెండేళ్ళ కింద ఇదే ప్రశ్నకు నేనిచ్చిన జవాబు ఇద్దరికీ గుర్తుంది. ఈసారి జవాబు చెప్పలేదు, మీకెలా ఉంది అని అడిగాను. కొంచెంసేపు మౌనం. "ఇష్టం లేనివాళ్ళు ఫోన్ చేయకముందే చూసుకుంటారు. గుమ్మం దగ్గర నాకు ఆ చూపు తప్పుతుంది" అంది.

ఫోటో పెట్టారు. రెండో వరసలో, ఎడమ నుంచి మూడో మనిషి, అదే ముదురు నీలం. ఆమె ఫైలు నేనింకా మూయలేదు. చివరి పరీక్ష మొదటి భాగం 2026లో ఉంది, పౌరసత్వ దరఖాస్తు ఆఫీసులో వరసలో ఉంది. చిన్నవాడికి మధ్యాహ్నం బడి తర్వాత చూసుకునే చోటు ఈ ఏడాది కూడా దొరకలేదు.